అత్తగారి ఫోనులో మూడో తరగతి

ఆ రోజు పొద్దున టీచరు వేసుకున్న పథకంలో వెతికినా లొసుగు దొరకదు. తొమ్మిది కొట్టగానే మూడో తరగతి మొదలవుతుంది. తొమ్మిది కొట్టగానే ఆమె ఇల్లూ దాటుతుంది. తొమ్మిది ముప్పై ఐదుకల్లా తిరిగొచ్చి, చెప్పులు విప్పి, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుని, తన కుర్చీలో తాను కూర్చుంటుంది. తొమ్మిది నలభైకి పాఠం అయిపోతుంది. మరి మధ్యలో పాఠం ఎవరు చెబుతారంటే, టీచరే చెబుతుంది. కాకపోతే నిన్నటి టీచరు.

నిన్న మధ్యాహ్నం పడగ్గది తలుపు గడియ పెట్టుకుని, బట్టల బీరువాకి ఆనించిన నల్లబల్ల ముందు నిలబడి, ఎదురుగా ఉన్న ఇస్త్రీ బట్టల దొంతరకి దిక్కుల పాఠం మొత్తం చెప్పి వీడియో తీసింది. పంతొమ్మిదేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? ఇస్త్రీ బట్టల్ని కూడా మధ్యలో “వెనకాల ఎవరా మాటలు? చేతులు కట్టుకో!” అని గదమాయించింది. జవాబు చెప్పడానికి కాస్త వ్యవధి ఇచ్చి, “బాగా చెప్పావు” అని మెచ్చుకుంది. ఇంకో అలవాటు కూడా బయటపడింది గానీ, అది తెలియాలంటే ముందు ఎందుకమ్మ సంగతి తెలియాలి.

ఎందుకమ్మ ఆ తరగతిలో ముప్పై ఒకటో పిల్ల. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, పిలిచేవాళ్లే లేరు. ఏం చెప్పినా “ఎందుకు టీచర్?” అంటుంది కాబట్టి టీచరే ఆ పేరు పెట్టింది. సున్నాని ఎంతతో గుణించినా సున్నాయే ఎందుకు, చీమలు ఎదురుపడితే ఆగి మాట్లాడుకుంటాయెందుకు, సోమవారం ఆదివారం పక్కనే ఉండాలని ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు. జబ్బు వ్యాపించి బళ్లు మూసేశాక కూడా, ల్యాప్‌టాప్ తెర మీద అగ్గిపెట్టెంత గడిలోంచి ఆ పిల్ల ప్రశ్నలు ఆగలేదు. అలాంటిది తొమ్మిది రోజులుగా ఆ గడే లేదు. ఇంటి నంబరుకి చేస్తే ఫోను పనిచేయడం లేదు.

“పది రోజులు వరసగా రాకపోతే పేరు కొట్టేయాలి. మళ్లీ చేర్చుకోవడం వచ్చే ఏడాదే,” అంది హెడ్మిస్ట్రెస్ నిన్న ఫోనులో. “అటెండరుని పంపుదామంటే ఎవరింటికీ వెళ్లకూడదని పైనుంచి ఉత్తర్వు. నన్నేం చేయమంటారు, టీచర్?”

రేపొస్తుందిలే, ఎల్లుండొస్తుందిలే అని ఇన్నాళ్లూ ఊరుకున్నందుకు టీచరు తనని తాను తిట్టుకుంది. ఇవాళ్టితో పదో రోజు. ఊళ్లో జనాన్ని బయటికి వదిలేది రోజుకి ఒక్క గంట, తొమ్మిది నుంచి పది వరకు. ఆ గంటలోనే క్లాసు. అందుకే ఈ వీడియో. అందులో బయటపడిన ఇంకో అలవాటు ఇదీ: ఆ పిల్ల ఎక్కడెక్కడ అడ్డుపడుతుందో టీచరుకి కొట్టినపిండి కాబట్టి, పాఠం మధ్య నాలుగు చోట్ల తనకి తెలియకుండానే ఆగి, “ఎందుకో చివర్లో చెబుతాను. ముందు పాఠం విను,” అంది. అడిగినవాళ్లెవరూ లేరని తర్వాత గుర్తొచ్చి, ఇస్త్రీ బట్టల వైపు చూస్తూ కాసేపు నిలబడిపోయింది. ఆ ముక్కలు తీసేద్దామా అని ఆయన అడిగితే వద్దంది.

ఆయన అంటే వాళ్లాయన. ఇంజనీరింగు ఆఫీసులో ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్. ఆఫీసు మూతపడ్డాక గీయడానికేమీ లేక చేతులు పీకుతున్న మనిషికి, భార్య ఓ ఇల్లు వెతకాలనేసరికి ప్రాణం లేచొచ్చింది. హాజరు పట్టీలో ఉన్న చిరునామా ‘నీళ్ల ట్యాంకు వెనక, మూడో సందు, ఆకుపచ్చ గేటు’ అని, అంతే. దాన్ని పట్టుకుని రాత్రికి రాత్రే స్కేలుతో సహా ఓ మ్యాపు తయారుచేశాడు.

“ఈ జంట గీతలేమిటండీ?”

“మురిక్కాలవ. వెడల్పు కొలత ప్రకారం వేశాను.”

“నేను కాలవ పూడిక తీయించడానికి వెళ్లడం లేదు.”

“ఉత్తరం పైకి ఉంది, చూసుకో. తిప్పి పట్టుకోకు.”

“దిక్కుల పాఠం చెప్పేదాన్ని, నాకా చెబుతున్నారు!”

తర్వాత ఆమె అప్పగింతలు మొదలుపెట్టింది. వీడియో నడుస్తున్నంతసేపూ ఆయన ల్యాప్‌టాప్ దగ్గరనుంచి కదలకూడదు. దగ్గకూడదు. పిల్లల పేర్లు చూసి ఒక్కొక్కర్నీ లోపలికి వదలాలి. పట్టీలో లేని పేరు వస్తే తీసేయాలి. కిందటి నెల ఐదో తరగతిలోకి ఎవడో ఆకతాయి దూరి పావుగంటసేపు పాటలు పాడి వెళ్లాడు. అప్పట్నుంచి ఇది హెడ్మిస్ట్రెస్ పెట్టిన కట్టుదిట్టం.

“ముఖ్యంగా ‘మోటార్ల రిపేరు - 2’ అని ఒకడు తడతాడు. వాణ్ణి మాత్రం చచ్చినా రానివ్వకండి. రోజూ ఇదే గోల. ఒకసారి తీసేస్తే మళ్లీ వస్తాడు.”

“మూడో తరగతిలో ఎవరి మోటారు పాడైందని?”

“ఏమో, బేరాలు లేక ఇళ్లలోకి దూరుతున్నాడు కాబోలు.”

ఆమె ఫోనులోంచే ల్యాప్‌టాప్‌కి ఇంటర్నెట్ వస్తుంది కాబట్టి అది ఇంట్లో ఉండాల్సిందే. దారిలో క్లాసు ఎలా సాగుతోందో వినడానికి అత్తగారి ఫోను అడిగింది.

“తీసుకో గానీ, దేన్నీ నొక్కకు,” అంది అత్తగారు మూడు గుడ్డల్లో చుట్టి దాచిన ఫోను బయటికి తీస్తూ. “నాకు వినపడాలని సౌండు ఆ చివరికి పెట్టించుకున్నా. నువ్వు తగ్గిస్తే మళ్లీ పెంచడం మావాడి వల్ల కాదు.”

ఆ ఫోనుకి పెట్టిన పేరు కూడా ‘అత్తగారు’ అనే. “ఈ పేరు పట్టీలో లేదే?” అన్నాడాయన. “మనింటి మనిషే కదండీ, రానివ్వండి,” అంది టీచరు. ఆయన నొక్కాడు. అత్తగారు మూడో తరగతిలో చేరిపోయింది. టీచరు ముఖానికి మాస్కు తగిలించుకుని, ఫోను సంచిలో వేసుకుని గడప దాటింది. రోజుకి వందసార్లు “మైకు ఆపండి, మైకు ఆపండి” అనే మనిషి, తన మైకు ఆపిందో లేదో చూసుకోలేదు. ఆ మాట ఆమెకి చెప్పడానికి ఇంకో టీచరు లేదు మరి.

నీళ్ల ట్యాంకు దాకా అంతా అనుకున్నట్టే జరిగింది. “సూర్యుడు ఉదయించే వైపు తిరిగి నిలబడితే ఎదురుగా తూర్పు, వెనక పడమర, కుడిచేతి వైపు దక్షిణం, ఎడమచేతి వైపు ఉత్తరం,” అంటోంది సంచి. ఫరవాలేదు, నిదానంగానే చెప్పాను అనుకుంది టీచరు.

“టీచర్, మీరు ప్రతి మాటా రెండుసార్లు అంటున్నారు,” అన్నాడు కళ్లద్దాల పిల్లాడు. సంచిలోంచి మోగిన పాఠం, ఆమె ఆపని మైకులోంచి మళ్లీ క్లాసుకి చేరుతోంది.

“టీచర్, కుక్క కూడా అరుస్తోంది,” అంది స్కూలు వ్యానులో ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చునే పాప.

వీళ్లింట్లోనూ కుక్కుంది కాబోలు అనుకుంది టీచరు, తన కాళ్ల మీదికి వస్తున్న వీధికుక్కకి దూరంగా జరుగుతూ.

అప్పుడు సంచిలోంచి ఓ గంభీరమైన గొంతు వచ్చింది. “గుడ్ మార్నింగ్, పిల్లలూ. ఇవాళ మీ క్లాసు చూద్దామని వచ్చాను.”

టీచరు పాదాలు రోడ్డుకి అతుక్కుపోయాయి. హెడ్మిస్ట్రెస్ ముందు చెప్పి వచ్చే మనిషి కాదు, కానీ రాకరాక ఇవాళా?

“టీచర్, ఈ లిస్టులో ‘అత్తగారు’ అని ఒకావిడ కనిపిస్తోంది. ఎవరావిడ? మూడో తరగతిలో ఎందుకున్నారు?”

నల్లబల్ల దగ్గర నిన్నటి టీచరు సుద్దముక్క ఊపుతూ, ముద్దుగా మందలిస్తున్న గొంతుతో జవాబిచ్చింది. “ఎందుకో చివర్లో చెబుతాను. ముందు పాఠం విను.”

హెడ్మిస్ట్రెస్‌ని ‘విను’ అన్నవాళ్లు ఆ బడి చరిత్రలో లేరు. ఆవిడ గొంతు మళ్లీ వినపడలేదు. కోపంతో వెళ్లిపోయిందో, కాగితం తీసి రాస్తోందో తెలియదు. ఏదైతేనేం, ఉద్యోగం పోయేట్టుంటే కనీసం ఆ పిల్ల పేరైనా నిలబడాలి అనుకుని టీచరు పరుగులాంటి నడక అందుకుంది. మలుపులో రోడ్డుకి అడ్డంగా కట్టిన తాడు దగ్గర పోలీసాయన చెయ్యెత్తాడు.

“ఎక్కడికమ్మా అంత హడావిడిగా?”

“క్లాసుకండీ,” అంది కంగారులో.

“బళ్లు మూసి నాలుగు నెలలైంది. ఏం క్లాసు?”

“మూడో తరగతి. నేను టీచర్నండీ. మా పిల్లల్లో ఒకమ్మాయి కనపడట్లేదు. ఇవాళ కూడా రాకపోతే పేరు కొట్టేస్తారు. వాళ్లిల్లు వెతుక్కుంటూ వచ్చాను.”

“మరి ఇప్పుడు క్లాసులో ఎవరున్నారు?”

“నేనే ఉన్నానండీ.”

పోలీసాయన ఆమెని ఎగాదిగా చూశాడు. ఏదో అనబోయేలోగా సంచి గట్టిగా అరిచింది. “వెనకాల ఎవరా మాటలు? చేతులు కట్టుకో!”

పోలీసాయన చేతులు కట్టుకున్నాడు. చిన్నప్పుడు ఏ టీచరు పెట్టిన భయమో, మీసాలు నెరిసినా ఒంట్లోంచి పోలేదు. వెంటనే తేరుకుని, చేతులు విప్పి, తాడు పైకెత్తి పట్టుకున్నాడు. “వెళ్లండి మేడమ్. పదిలోపల వచ్చేయండి,” అన్నాడు, ఎందుకైనా మంచిదని సంచికి కూడా తల వంచుతూ.

ట్యాంకు వెనక మొదటి సందు, రెండో సందు దొరికాయి. మూడోది లేదు. దాని చోట ఓ గోడ, గోడ పక్కన కరెంటు ట్రాన్స్‌ఫార్మరు ఉన్నాయి. మ్యాపులో మురిక్కాలవ వంపులతో సహా ఉంది, గోడ మాత్రం లేదు. “మ్యాపులో కాలవలు గీస్తాడు, స్తంభాలు గీస్తాడు, ఎదురుగా ఉన్న గోడ మాత్రం గీయడీ మనిషి,” అని టీచరు పైకే అనుకుంది. గోడ ముందు నిలబడి మాస్కు అంచుతో చెమట తుడుచుకుంది. “ఎక్కడున్నావే తల్లీ,” అంది, ఎవరితోనూ కాదు.

“టీచర్,” అంది సంచిలోంచి కిటికీ పాప, మెల్లగా. “మీరిప్పుడు ఎక్కడున్నారు?”

“బాగా చెప్పావు,” అంది నిన్నటి టీచరు.

“మిమ్మల్ని కాదు. బోర్డు దగ్గరున్న టీచర్ని కాదు. రోడ్డు మీదున్న టీచర్ని.”

టీచరు ఫోను బయటికి తీసింది. తెర మీద ముప్పై గడులు, ముప్పై మొహాలూ కెమెరాకి అతుక్కుపోయి ఉన్నాయి. ఇంకో గడిలో తాను సుద్దముక్కతో ఉంది. కిందనున్న మైకు బొమ్మ మీద అడ్డగీత లేదు.

“మీకు... నేను వినపడుతున్నానా?”

“మొత్తం వినపడింది టీచర్. పోలీసు కూడా.”

“మీ మైకు ఆపలేదు టీచర్,” అన్నాడు కళ్లద్దాల పిల్లాడు. ఆ మాట అనే అవకాశం కోసం నాలుగు నెలలుగా కాచుకుని ఉన్నట్టుంది వాడి మొహం.

“ఎందుకమ్మ ఇంటికేనా టీచర్?” అంది కిటికీ పాప. “మా వ్యాను రోజూ అక్కడ ఆగేది!” దాంతో ముప్పై నోళ్లూ ఒక్కసారి తెరుచుకున్నాయి. కుడికి పొమ్మని ఒకరు, వెనక్కి రమ్మని ఒకరు. “ఒక్కొక్కరు! చేతులెత్తండి!” అంది టీచరు, నడిరోడ్డు మీద ఫోను ఎత్తి పట్టుకుని. ముప్పై చేతులు లేచాయి.

“మీకు ఎండ ఎటునుంచి పడుతోంది టీచర్?” అన్నాడు కళ్లద్దాల పిల్లాడు.

“వీపు మీద. ఎదురుగా గోడ, పక్కన ట్రాన్స్‌ఫార్మరు.”

“అయితే మీ వెనక తూర్పు. మీరు చూసేది పడమర. అప్పుడు కుడిచేతి వైపు...” వాడు తన గదిలోనే గోడకి తిరిగి నిలబడి, చేతులు చాపి చూసుకున్నాడు. “ఉత్తరం!”

“ఆకుపచ్చ గేటు ట్యాంకుకి ఉత్తరం వైపు,” అంది కిటికీ పాప. “ట్రాన్స్‌ఫార్మరు ఉందంటే మీరు దక్షిణం వైపు సందుల్లోకి వెళ్లారు. మ్యాపు తిప్పి పట్టుకున్నారేమో టీచర్.”

“చెప్పానా, లేదా!” అని ఎక్కడినుంచో మగగొంతు ఒకటి విజయోత్సాహంతో వినపడింది.

“ఆ అంకుల్ ఎవరు టీచర్?”

“ఎవరో దారినపోయే ఆయన,” అంది టీచరు, పళ్లు బిగించి, ఉత్తరానికి నడుస్తూ. ఆ కాసేపు తెర మీద నల్లబల్ల దగ్గరున్న మనిషిని చూసినవాళ్లెవరూ లేరు. దిక్కుల పాఠం రోడ్డు మీదే సాగింది. రెండు స్తంభాలు దాటండి టీచర్. కొళాయి వస్తుంది. వచ్చిందా? వచ్చింది. ఇప్పుడు సూర్యుడి వైపు తిరగండి. తిరిగాను. ఎదురుగా?

ఎదురుగా ఆకుపచ్చ గేటు.

గేటు లోపల కింది భాగం ఓ రేకుల షెడ్డు. సగం ఎత్తిన షట్టరు కింద, విప్పదీసిన నీళ్ల మోటార్ల మధ్య, రాగి తీగ చుట్టల పక్కన, బోర్లించిన మోటారు డొప్ప మీద ఎందుకమ్మ కూర్చుని ఉంది. బడి యూనిఫారం వేసుకుంది. రెండు జడలూ బిగించి ఉన్నాయి. ఒళ్లో పుస్తకం, చేతిలో చెక్కిన పెన్సిలు. ఎదురుగా పానాల పెట్టెకి ఆనించిన ఫోను. ఆ ఫోను తెర మీద క్లాసు లేదు, రెండే వాక్యాలున్నాయి: దయచేసి వేచి ఉండండి. టీచరు మిమ్మల్ని లోపలికి రానిస్తారు.

టీచరు షట్టరుకి ఇవతలే ఆగింది. “ఏమ్మా, ఏం చేస్తున్నావిక్కడ?” అంది. మాస్కు వెనకనుంచి ఆ గొంతు ఎవరిదో పోల్చడం కష్టం.

“క్లాసు బయట ఉన్నానండీ,” అంది ఆ పిల్ల, తెర మీదనుంచి చూపు తిప్పకుండా. “మా టీచర్ పిలుస్తారు.”

“ఎన్నాళ్లనుంచి ఉన్నావు?”

“తొమ్మిది రోజులు. ఇవాళ్టితో పది.”

లోపలినుంచి మెకానిక్ చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు. “వీళ్లు పైన అద్దెకుంటారు మేడమ్. వాళ్లమ్మ ఫోను నీళ్లలో పడింది. బాగుచేసే కొట్లు మూసేశారు. మీ నంబరు అందులోనే పోయిందట. నాకెలాగూ బేరాల్లేవు కదా అని నా రెండో ఫోను ఇస్తున్నా. క్లాసు నంబరేదో పిల్ల పుస్తకం వెనక రాసుకుంది. రోజూ తలకి స్నానం చేసినట్టు శుభ్రంగా తయారై వచ్చి కూర్చుంటుంది. మీ బడిలో పిల్లల్ని శానాసేపు బయట కూర్చోబెడతారండీ.”

తెర మూలన చిన్న అక్షరాల్లో ‘మోటార్ల రిపేరు - 2’ అని ఉంది.

టీచరు దాన్ని రెండుసార్లు చదివింది. తొమ్మిది రోజులు. రోజూ తడితే, రోజూ తానే, ఈ వేలితోనే తీసేసింది. పైగా విసుక్కుంది కూడా. ఆ పిల్ల ఎదురుగా ఓ చేతి దూరంలో నేల మీదే చతికిలబడింది.

“పిలవకపోతే ఎందుకని అడగొద్దూ?” అంది. “అన్నిటికీ అడుగుతావుగా తల్లీ!”

“ఎలా అడగను? అడగాలంటే లోపలికి రావాలి కదా,” అంది ఎందుకమ్మ. అని, అప్పుడు తలెత్తి, మాస్కు పైనున్న కళ్లని గుర్తుపట్టింది.

టీచరు అత్తగారి ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. “ఏమండీ! ఆ మోటార్ల రిపేరుని లోపలికి రానివ్వండి!”

“చచ్చినా వద్దన్నావుగా?” అంది దారినపోయే ఆయన గొంతు. “ఇప్పటికి నాలుగుసార్లు తీసేశాను. వాడు వదిలేట్టు లేడు, నేనూ వదలను.”

“వాడు కాదండీ! అది మన ఎందుకమ్మ!”

ఆ గంభీరమైన గొంతు మళ్లీ వినపడింది. కానీ ఈసారి అంత గంభీరంగా లేదు. “రానివ్వండి సార్. ఆ రూలు పెట్టింది నేనే. రానివ్వండి.”

“మేడమ్, మీరింకా ఉన్నారా?” అంది టీచరు.

“ముందు పాఠం వినమన్నారుగా, టీచర్. వింటున్నాను.”

పానాల పెట్టెకి ఆనించిన ఫోనులో ఆ రెండు వాక్యాలూ మాయమై క్లాసు విచ్చుకుంది. ముప్పై మంది అరిచిన అరుపుకి రేకుల షెడ్డు మోగింది. ఎందుకమ్మ తెర మీద నల్లబల్ల దగ్గరున్న టీచర్ని చూసింది. నేల మీద కూర్చున్న టీచర్ని చూసింది. మళ్లీ తెరని చూసింది. పది రోజుల ప్రశ్నలు గొంతులో ఒకదాన్నొకటి తోసుకుంటుంటే, అన్నిటికన్నా ముందున్నది బయటికొచ్చింది.

“టీచర్, మీరు ఇద్దరున్నారెందుకు?”

“ఒకళ్లు పాఠం చెప్పడానికి. ఒకళ్లు నిన్ను వెతుక్కోవడానికి.”

“నన్ను వెతకడమెందుకు?”

“ఎందుకో చివర్లో చెబుతాను,” అంది నిన్నటి టీచరు తెర మీదనుంచి. “ముందు పాఠం విను.” ఇవాళ్టి టీచరు కూడా ఆ జవాబుతోనే సరిపెట్టింది.

ఎందుకమ్మ పుస్తకం తెరిచి, తేదీ వేసి, రాసుకోవడం మొదలుపెట్టింది. వీడియో చివరికొచ్చేసరికి నిన్నటి టీచరు రోజూ అడిగే మాటే అడిగింది. “ఇవాళ రానివాళ్లు ఎవరైనా ఉన్నారా?”

“లేరు టీచర్!” అన్నారు ముప్పై ఒక్క మందీ.

పది కొట్టడానికి మూడు నిమిషాలుండగా టీచరు ఇల్లు చేరింది. దారిలో పోలీసాయన “దొరికిందా మేడమ్?” అని అడిగి మరీ తాడెత్తాడు. గుమ్మంలో అత్తగారు చెయ్యి చాపి నిలబడి ఉంది. “నా పేరు పెట్టుకుని పోలీసుల దాకా వెళ్లొచ్చావటగా,” అంది, ఫోను అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ. “సౌండు తగ్గించలేదు కదా?”

సాయంత్రం దాకా టీచరు ఏ పనీ చేయలేకపోయింది. సంజాయిషీ నాలుగు రకాలుగా రాసి నాలుగూ చించేసింది. ఆరింటికి హెడ్మిస్ట్రెస్ నుంచి ఓ కాగితం ఫొటో ఫోనుకి వచ్చింది. ఇకమీద తెలియని పేరు తడితే తీసేసేముందు ఎవరని ఒక్కమాట అడగాలని అన్ని తరగతులకీ ఉత్తర్వు. దాని కింద ఆ రోజు మూడో తరగతి హాజరు పట్టీ, ఆవిడ స్వయంగా పూర్తిచేసింది.

పిల్లలు: ముప్పై ఒకటికి ముప్పై ఒకరు హాజరు. టీచరు: గైర్హాజరు.